ఎస్‌ఎస్‌డీ మార్చే ముందు పాత బూట్ ఎంట్రీలు ఇలా తీసేయండి

డ్రైవ్ మార్చినా బూట్ మెనూలో పాత ‘ఉబుంటు’, ‘విండోస్ బూట్ మేనేజర్’ పేర్లు అలాగే ఉంటున్నాయా? అవి ఉండేది డ్రైవ్‌లో కాదు, మదర్‌బోర్డ్‌లోని ఎన్‌వీర్యామ్‌లో. నేను ఫాలో అయ్యే స్టెప్స్ ఇవి:

1. ముందు బ్యాకప్. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకుంటాను. అది లేకపోతే పాత డ్రైవ్‌లోని ఫొటోలు మళ్లీ తెరుచుకోకపోవచ్చు.

2. ఆన్ చేయగానే ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్తాను. కొన్ని మోడళ్లలో డిలీట్ కీ.

3. బూట్ ట్యాబ్‌లో ‘డిలీట్ బూట్ ఆప్షన్’ ఉంటే పాత పేర్లు మాత్రమే తీసేస్తాను. యూఎస్‌బీ ఎంట్రీ జోలికి వెళ్లను.

4. సేవ్ చేసి, విండోస్ లోడ్ కాకముందే పవర్ ఆఫ్ చేస్తాను. పాత డ్రైవ్‌తో మళ్లీ బూట్ అయితే కొన్ని ల్యాప్‌టాప్‌లు ఆ ఎంట్రీని తిరిగి రాసేస్తాయి.

ఎంట్రీ పోతే డేటా పోదు, దానికి దారి చూపే అడ్రస్ మాత్రమే పోతుంది. కొత్త డ్రైవ్‌లో విండోస్ ఇన్‌స్టాల్ చేస్తే తన ఎంట్రీ తానే రాసుకుంటుంది.