వరి మడిలో ఆక్సిజన్ వ్యాపనం, నత్రజని నష్టం: ఒక గణిత నమూనా

ధవళేశ్వరం ఆనకట్ట కాలువల కింద సార్వా, దాళ్వా వరి మడులలో నేల ఎక్కువ కాలం నీటి అడుగున ఉంటుంది. ఆక్సిజన్ గాలిలో కంటే నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. అందువలన ఈ నేలలో పలు చర్యల వేగాన్ని అణువుల చర్యాశీలత కంటే అవి పరస్పరం చేరుకొనే వేగమే నిర్ణయిస్తుంది. ఇవి వ్యాపన నియంత్రిత చర్యలు.

నమూనా: నేలలో ఆక్సిజన్ వినియోగ వేగం స్థిరమని భావించి ఫిక్ నియమాన్ని అన్వయిస్తే,

ఆక్సీకరణ పొర మందం = √(2 × వ్యాపన గుణకం × ఉపరితల గాఢత ÷ వినియోగ వేగం)

పచ్చిరొట్ట కుళ్ళుతూ వినియోగం 4 రెట్లు పెరిగితే పొర మందం సగమవుతుంది. సాధారణంగా ఈ పొర కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది.

నత్రజని నష్టం: మడి నీటిలో చల్లిన యూరియా నుండి ఏర్పడిన అమ్మోనియం ఈ పొరలో నైట్రేట్‌గా మారుతుంది. ఋణావేశం గల నైట్రేట్‌ను బంకమన్ను పట్టి ఉంచలేదు. అది కింది క్షయకరణ పొరలోకి వ్యాపించి, వాయురూపంలో పోతుంది. వ్యాపన కాలం దూరం యొక్క వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. నిశ్చల నీటిలో 5 మి.మీ. దూరానికి దాదాపు 2 గంటలు చాలు, 10 సెం.మీ.కు 400 రెట్లు, అనగా నెలకు పైగా పడుతుంది. నేలలో, ముఖ్యంగా బంకమన్ను పట్టి ఉంచే అమ్మోనియానికి, ఇంకా ఎక్కువ. ఆఖరి దమ్ములో యూరియాను మట్టిలో కలపడానికి ఆధారం ఇదే.

పరిమితులు: వరి వేర్లు విడుదల చేసే ఆక్సిజన్ వాటి చుట్టూ మరొక ఆక్సీకరణ పొరను ఏర్పరుస్తుంది. మడి ఆరితే గాలి లోపలికి చేరి నైట్రేట్ ఏర్పడుతుంది. తిరిగి నీరు పెట్టగానే అది నష్టమవుతుంది. కావున దమ్ములో ఎరువు కలిపిన మడిని ఆరనివ్వరాదని రైతులకు స్పష్టంగా చెప్పాలి.