చదవడం మానేస్తే...

రే బ్రాడ్‌బరీ 1920లో అమెరికాలో జన్మించారు. 1938లో హైస్కూలు ముగించాక కాలేజీకి డబ్బు లేక, పబ్లిక్ లైబ్రరీలోనే చదువుకున్నారు. తరువాత లాస్ ఏంజెలస్‌లో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో, అరగంటకు 10 సెంట్ల అద్దె టైప్‌రైటర్ మీద ఒక కథ రాశారు. దానినే పెంచి 1953లో 'ఫారెన్‌హీట్ 451' నవలగా వెలువరించారు.

అందులో ఫైర్‌మెన్ పని పుస్తకాలను తగలబెట్టడం. వారిలో ఒకడైన మోంటాగ్ రహస్యంగా చదవడం మొదలుపెట్టి, చివరకు నగరం విడిచి పారిపోతాడు. బయట అతనికి కలిసినవారు ఒక్కొక్కరు ఒక్కో పుస్తకాన్ని కంఠస్థం చేసి కాపాడుతుంటారు.

మిత్రులారా! ఆ దేశంలో ముందు ప్రజలే వినోదాల మోజులో చదవడం మానేశారు. మంటలు తరువాత వచ్చాయి. మన హాస్టల్ బీరువాలోని పుస్తకాలను ఎవరూ కాల్చనక్కరలేదు, మనం తెరవకుంటే చాలు.