మీటరు ఏ ప్రశ్నకు జవాబు చెబుతోంది?

నిజాంపేట అనగానే మన హాస్టల్లో సగం మందికి బాచుపల్లి పక్కనున్న నిజాంపేటే గుర్తొస్తుంది. నేను చెప్పేది అది కాదు, మెదక్ జిల్లా నిజాంపేట. 2016లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మండలమైన ఊరు. చుట్టూ బోర్లు, వరి మళ్లు, వాటికి కరెంటు మోసే స్తంభాలు. మా మామ (అమ్మ తమ్ముడు) ఆ వైపు విద్యుత్ పంపిణీలో ఇంజనీరు. సర్వీసు 26 ఏళ్లు. మొన్న ఎండాకాలం సెలవుల్లో మూడు వారాలు ఆయన బండి వెనక కూర్చుని తిరిగాను. ట్రిపుల్‌ఈ వాళ్లకి ఇందులో కొంత తెలిసిందే అయినా, మన ల్యాబులో మీటరు వాడే తీరుకీ అక్కడ వాడే తీరుకీ తేడా చాలా ఉంది. అది రాయాలనిపించింది. మిగతా బ్రాంచీల వాళ్లు కూడా చదవొచ్చు, ఫార్ములాలు పెద్దగా లేవు.

మామ సంచిలో ఉండేవి ఇవి: టాంగ్ టెస్టర్, నియాన్ టెస్టర్, రెండు వైర్లు కట్టిన బల్బు హోల్డరు (టెస్ట్ ల్యాంపు), కటింగ్ ప్లేయరు, అట్ట చిరిగిన నోట్‌బుక్కు. మెగ్గర్, ఎర్త్ టెస్టర్ పెద్దవి కాబట్టి ఆఫీసు బీరువాలో ఉంటాయి. ఫోను సంగతి చెప్పక్కర్లేదు. పొద్దున ఆరింటికి మొదలైతే రాత్రి పదకొండు దాకా మోగుతూనే ఉంటుంది. "సారూ, మా ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఫ్యూజు ఊకె కొట్టేస్తుంది" అనేది అందులో సగం.

ఈ ఫ్యూజు ఫిర్యాదుకి మామ ముందు తీసేది టాంగ్ టెస్టర్. దవడ లాంటి దాన్ని తెరిచి వైరు చుట్టూ వేస్తే, వైరు తెంపకుండానే ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో చూపిస్తుంది. కరెంటు చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుందని ఇంటర్లో చదివిందే. మూడు ఫేజుల కేబుల్ మొత్తాన్నీ కలిపి దవడలో పెడితే సున్నా చూపిస్తుంది, ఎందుకంటే మూడు కరెంట్ల మొత్తం సున్నా. ఆ సున్నాని చూసి 'మోటారు నడవట్లేదు' అనుకోకూడదు. మామ మాత్రం ఒక్కోసారి కావాలనే అలా పెడతాడు. అప్పుడు సున్నా కాకుండా ఏమైనా చూపిస్తే కరెంటు ఎక్కడో భూమిలోకి కారుతోందని అర్థం. మీటరు ఒకటే, ప్రశ్నలు రెండు.

ఇక ఫ్యూజు లెక్క. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌ని 433 వోల్టుల వైపు చూస్తే ఫుల్ లోడు సుమారు 33 ఆంపియర్లు. 5 హెచ్‌పీ బోరు మోటారు దాదాపు ఏడున్నర ఆంపియర్లు లాగుతుంది. అంటే నాలుగు మోటార్లకు సరిపోతుంది, ఐదోది ఎక్కువ. కానీ మేము వెళ్లిన చోట ఉన్నవి నాలుగే, టాంగ్ టెస్టర్ చూపించింది 30 ఆంపియర్ల లోపే. మరి ఫ్యూజు ఎందుకు పోతోంది?

"ఇప్పుడు జూసినది నడిచేటప్పటి లెక్క అల్లుడా. లేచేటప్పటి లెక్క అడుగు" అన్నాడు మామ.

మోటారు మొదలయ్యే క్షణంలో నడిచే కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది. ఒక్క మోటారుకి 45 ఆంపియర్లు అనుకోండి. ఆ నాలుగు మోటార్లకీ ఆటోస్టార్టర్లు ఉన్నాయి. కరెంటు పోయి తిరిగి రాగానే నాలుగూ ఒకేసారి లేస్తాయి. 33 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ మీద ఒక్కసారిగా 180 ఆంపియర్లు. ఫ్యూజు పోవడం దాని తప్పు కాదు, దాని పని అదే. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక ఆటోస్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పింది ఇందుకు కూడా. రాత్రి ఏ టైముకి కరెంటొస్తుందో తెలియని రోజుల్లో, చీకట్లో పొలానికి పోయి పాములకీ షాకులకీ భయపడలేక పెట్టుకున్న పరికరం అది. రైతు తెలివితక్కువ పని చేశాడని నాకైతే అనిపించదు. అలవాటు మాత్రం కరెంటు మారినంత తొందరగా మారలేదు.

నియాన్ టెస్టర్ దగ్గరికి వద్దాం. మన ఇళ్లలో ప్రతి డ్రాయరులో ఉండేదే. లోపల చిన్న నియాన్ బల్బు, దానికి వరసలో చాలా ఎక్కువ రెసిస్టెన్స్, చివర మన వేలు. మిల్లీఆంపియరులో చిన్న వంతు పోతే చాలు, వెలుగుతుంది. వెలిగితే 'కొంత వోల్టేజీ ఉంది' అని మాత్రమే అది చెప్పగలదు. ఎంత, ఎక్కడి నుంచి, లోడు మోస్తుందా లేదా అన్నది చెప్పదు.

దీని మీద ఒక మంచి పజిల్ ఉంది, వైవాలో అడిగితే మనలో చాలామంది తడబడతాం. మూడు ఫేజుల మోటారు నడుస్తుండగా ఒక ఫేజు ఫ్యూజు పోయింది. మోటారు ఆగదు, మిగతా రెండు ఫేజుల మీద మూలుగుతూ తిరుగుతూనే ఉంటుంది. ఇప్పుడు స్టార్టర్ దగ్గర ఆ పోయిన ఫేజు మీద టెస్టర్ పెడితే ఏమవుతుంది?

వెలుగుతుంది! తిరుగుతున్న మోటారు లోపలి క్షేత్రం ఆ మూడో వైండింగులో వోల్టేజీ పుట్టిస్తుంది. అది వెనక్కి వచ్చి టెస్టర్‌ని వెలిగిస్తుంది. 'మూడు ఫేజులూ ఉన్నయి సార్' అని రైతు ప్రమాణం చేసి చెబుతాడు, ఆయన అబద్ధమాడట్లేదు. ఈలోపు మిగతా రెండు ఫేజుల్లో కరెంటు దాదాపు 1.7 రెట్లు పెరిగి వైండింగు కాలుతుంటుంది. టాంగ్ టెస్టర్‌ని ఒక్కో ఫ్యూజు వైరుకీ విడివిడిగా వేస్తే ఒకదాంట్లో సున్నా కనిపిస్తుంది, దొంగ దొరికిపోతాడు. మోటారు కాలితే రీవైండింగు ఖర్చు ఒకటైతే, బోరులోంచి పైపులన్నీ లాగించి మళ్లీ దించడం ఇంకొకటి. ఆ నాలుగైదు రోజుల్లో యాసంగి వరి పొట్ట మీద ఉంటే ఇక చెప్పేదేముంది.

మెగ్గర్ గురించి ఎక్కువ రాయను, మన ల్యాబులో ఉంది. ఆ పేరు 1903 నుంచీ ఒక ఇంగ్లండు కంపెనీ ట్రేడ్‌మార్కు, తర్వాత పరికరానికే పేరైపోయింది. హ్యాండిల్ తిప్పితే ఎక్కువ వోల్టేజీ పుట్టించి, ఇన్సులేషన్ ఎన్ని మెగా ఓమ్‌లు ఉందో చూపిస్తుంది. మామ నోట్‌బుక్కులో ప్రతి రీడింగు పక్కనా ఉష్ణోగ్రత రాసి ఉండటం చూసి ఎందుకని అడిగాను. పది డిగ్రీలు పెరిగితే ఇన్సులేషన్ రెసిస్టెన్స్ సుమారుగా సగమవుతుంది. పొద్దున 25 డిగ్రీల దగ్గర 400 మెగా ఓమ్‌లు చూపించిన ట్రాన్స్‌ఫార్మరే, ఎండలో 45 డిగ్రీలకి చేరితే 100 చూపిస్తుంది. ఉష్ణోగ్రత రాయని వాడు రెండో రీడింగు చూసి ట్రాన్స్‌ఫార్మర్ పాడైందంటాడు. మన రికార్డు బుక్కుల్లో ఆ గడి లేదు. వచ్చే సెమిస్టరు నుంచి మనమే గీసుకోవచ్చు.

అన్నట్టు, ట్రాన్స్‌ఫార్మర్‌కి తగిలించి ఉండే బ్రీదర్‌లో సిలికా జెల్ ఉంటుంది. పొడిగా ఉంటే నీలం, తేమ పీలిస్తే గులాబీ రంగు. బ్యాటరీ లేని ఈ మీటరుని మామ బండి ఆపకుండానే చదివేస్తాడు.

ఎర్త్ టెస్టర్‌తో ఒక మధ్యాహ్నమంతా గడిపాం. ఆ నేల ఎర్రమట్టి, కింద రాయి. ఎండాకాలంలో ఎర్త్ పిట్ ఎండిపోతే రెసిస్టెన్స్ బాగా పెరుగుతుంది. కొలిచే ముందు ఎవరో మర్యాదగా గుంతలో రెండు బిందెల నీళ్లు పోయబోతే మామ ఆపాడు: "నీళ్లు కొలిచిన తర్వాత పోద్దాం కాకా. ఇప్పుడు పోస్తే నీళ్లకే మార్కులొస్తయి." వానాకాలంలో తీసిన రీడింగు చూపించి ఎర్తింగు బాగుందంటే, మే నెలలో దాన్ని ముట్టుకునే వాడికి దాంతో ఏం లాభం?

ఇక అసలు విషయం. నేను ఈ వ్యాసం రాస్తున్నదే దీని కోసం.

11 కేవీ లైను మీద పని చేయాలంటే ముందు ఎల్‌సీ తీసుకోవాలి. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. సబ్‌స్టేషన్ ఆపరేటరు లైను ఆపి, ఎవరు ఎప్పుడు తీసుకున్నారో రాసుకుంటాడు. తీసుకున్నవాళ్లు తిరిగి ఇచ్చేదాకా ఆ లైను చార్జ్ చేయకూడదు. ఆ రోజు పని చిన్నదే. పొలాల్లోకి పోయే ఒక స్పర్ లైను చివర, వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్ స్తంభం మీద జంపర్ కాలిపోయింది. ఆ స్పర్ మీద ఇంకొకటే ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, రోడ్డు పక్క ఒక ఫంక్షన్ హాల్‌ది. ఎల్‌సీ తీసుకున్నారు, స్పర్ మొదట్లో ఏబీ స్విచ్ తెరిచి తాళం వేశారు. లైన్‌మన్ ట్రాన్స్‌ఫార్మర్ కింద టెస్ట్ ల్యాంపు పెట్టి చూశాడు, వెలగలేదు.

"కరెంటు లేదు సార్, ఎక్కుతా" అన్నాడు. గట్టు మీద నలుగురు రైతులు నిలబడి ఉన్నారు, మడి నెర్రెలిస్తోంది, తొందర అందరిదీ.

మామ కదల్లేదు. "బల్బు ఎక్కడ పెట్టినవ్?" అన్నాడు. ట్రాన్స్‌ఫార్మర్‌కి పైనున్న దాని సొంత స్విచ్ అప్పటికే తెరిచి ఉంది. కింద బల్బు ఎలా వెలుగుతుంది? పని ఆ స్విచ్‌కి పైన, లైను మీద. బల్బు నిజమే చెప్పింది, కాకపోతే వేరే ప్రశ్నకి. అప్పుడు పొడవాటి కర్రకి తగిలించే హైవోల్టేజీ డిటెక్టర్‌తో లైనుని చూశారు. నిజంగానే లేదు. అయినా మామ డిశ్చార్జ్ రాడ్లు తెప్పించాడు. ముందు రాడ్డు వైరుని ఎర్త్‌కి బిగించి, తర్వాతే రాడ్లని ఒక్కొక్కటిగా మూడు కండక్టర్లకీ తగిలించాలి. ఈ వరస తిరగబడకూడదు, ఎర్త్ లేని రాడ్డు చేతిలో ఉన్న బతికిన వైరే. లైన్‌మన్ కొంచెం విసుక్కున్నాడు. చెకింగ్ అయిపోయాక మళ్లీ ఇదెందుకని నాకూ అనిపించింది.

అతను పైన పని చేస్తుండగా ఇరవై నిమిషాలకి దూరంగా జనరేటర్ గుడుగుడు వినిపించింది. ఒక్కసారి గట్టిగా మూలిగి మళ్లీ తేలికైంది. రెండు నిమిషాలాగి ఇంకోసారి అదే మూలుగు. కాసేపటికి కింద ఉన్న హెల్పర్ ఫోన్ మోగింది. ఫంక్షన్ హాల్ నుంచి. "అన్నా, కరెంటు ఎప్పుడొస్తది? సాయంత్రం పెండ్లి ఉంది, మా జనరేటర్ లోడు పట్టుకుంటలేదు, వేస్తే ట్రిప్ అయితుంది."

మామ మొహం చూడాల్సింది. పైకి చూసి లైన్‌మన్‌ని దిగమన్నాడు.

ఏం జరిగిందంటే, ఆ హాల్లో చేంజోవర్ స్విచ్ లేదు. మెయిన్ దించకుండా జనరేటర్ని నేరుగా కలిపారు. ఇంటికొచ్చే 433 వోల్టులని 11,000 నుంచి దించే ట్రాన్స్‌ఫార్మర్, వెనక నుంచి ఇస్తే అంతే నిజాయితీగా పెంచుతుంది కూడా. నిష్పత్తి సుమారు 25. ఫేజుకి 230 వోల్టులు ఇస్తే పైన లైనుకీ భూమికీ మధ్య 5,800 వోల్టుల పైమాటే. సబ్‌స్టేషన్‌లో లైను ఆపారు, స్విచ్‌కి తాళం ఉంది, డిటెక్టర్ లేదని చెప్పింది. అన్నీ నిజమే. కానీ డిటెక్టర్ చెప్పింది పది గంటల సంగతి, జనరేటర్ మొదలైంది పదీ ఇరవైకి. పైగా మనం లైను ఆపాం కాబట్టే వాళ్లు జనరేటర్ వేశారు. రాడ్లు మూడు ఫేజుల్నీ భూమికి కలిపి ఉంచాయి కాబట్టి, జనరేటర్‌కి లైను ఒక షార్ట్ సర్క్యూట్‌లా కనబడి ట్రిప్ అయింది. రాడ్లు లేకపోతే అది హాయిగా లోడు పట్టుకునేది. ఆ సమయానికి స్పర్ మీద వేరే లోడు కూడా లేదు, స్తంభం మీద మనిషి తప్ప.

టెస్టర్లన్నీ ఆ క్షణానికి జవాబు చెబుతాయి. రాడ్డు ఏమీ చెప్పదు, చివరిదాకా అక్కడే ఉంటుంది. దానికి డిస్‌ప్లే లేదు, అందుకే మనలాంటి వాళ్లకి అది గ్యాడ్జెట్టులా కనబడదేమో. మన సిలబస్‌లో మీటర్లకి ఒక పేపరే ఉంది, రాడ్డుకి నాకు తెలిసి ఒక్క పేరా లేదు.

హాల్ మనిషికి ఫోన్ చేసి జనరేటర్ ఆపించి, అక్కడికి ఒకరిని పంపి మెయిన్ దింపించాకే మళ్లీ పని మొదలైంది. పూర్తయ్యాక వరస తిరగేసి ముందు రాడ్లు లైన్ల మీంచి తీశారు, తర్వాత ఎర్త్ విప్పారు. ఎక్కినవి మూడు, దిగినవి మూడు అని మామ వేలితో లెక్కపెట్టాడు. మనుషుల్నీ లెక్కపెట్టాడు, నాతో కలిపి. అప్పుడు ఎల్‌సీ తిరిగి ఇచ్చాడు.

వెళ్తూ హాల్ దగ్గర ఆగాం. పెళ్లి వంటవాళ్లు గారెల పిండి రుబ్బుతున్నారు, గ్రైండర్లు తిరుగుతున్నాయి. ఓనరుతో మామ గట్టిగానే మాట్లాడాడు, చేంజోవర్ పెట్టాకే జనరేటర్ వేయాలని రాయించుకుని సంతకం తీసుకున్నాడు. బండెక్కే ముందు నోట్‌బుక్కు తీసి చివరి పేజీలో ఒక లైను రాశాడు: స్పర్ పేరు, పక్కన 'జనరేటర్ ఉంది'. ఆ పేజీలో అంతకుముందే పదకొండు లైన్లు ఉన్నాయి. ఒక రైస్ మిల్లు, రెండు పెట్రోలు బంకులు, ఒక బడి, కోళ్లఫారాలు.