సత్యమును దాచుట ఎప్పుడైనను న్యాయమగునా?

పాఠ్యభాగములు: ఆదికాండము 20, లేవీయకాండము 5:1, 1 సమూయేలు 16:1-5, యిర్మీయా 38:24-28



నంద్యాల నుండి ఆళ్ళగడ్డ వరకు గల పల్లె సంఘములలో తిరుగునప్పుడు పలువురు మమ్మును అడుగు ప్రశ్న యొకటి కలదు: "అయ్యగారూ, అబద్ధమాడుట పాపమని ఎరుగుదుము. తెలిసిన సంగతి చెప్పక ఊరకుండుటయు పాపమేనా?" ఇది పొద్దుపోక చేయు వాదము కాదు. పెండ్లి మాటలలోను, రోగి మంచము నొద్దను, కోర్టు బోనులోను మనవారికి ఎదురగు ప్రశ్న. కావున వాక్యపు వెలుగులో దీనిని పరిశీలింతము.

1. దాచుట వేరు, బొంకుట వేరు

దావీదును అభిషేకించుటకు పోవలసినప్పుడు, సౌలు తన్ను చంపునని సమూయేలు భయపడెను. ఒక పెయ్యను తీసికొనిపోయి, బలి యర్పింప వచ్చితినని చెప్పుమని దేవుడే ఆయనకు సెలవిచ్చెను. ఆ మాట నిజమే, బలియు జరిగెను. అయితే సంగతి అంతయు చెప్పబడలేదు. యిర్మీయాయు రాజుతో జరిగిన సంభాషణలో కొంత భాగము మాత్రమే అధిపతులకు తెలిపెను. కాబట్టి తెలిసినదంతయు అడిగిన ప్రతివానికి చెప్పవలెనని దేవుడు మనలను నిర్బంధింపలేదు.

2. అడుగువాడెవడు?

ఈ ప్రశ్న మన సీమకు కొత్తది కాదు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానాపై పడిన తరువాత కుంపిణీ సైన్యము ఆయన కొరకు వెదకెను. తుదకు ఆయనను పట్టుకొని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీసి, తలను 1877 వరకు కోటపై వ్రేలాడనిచ్చిరి. ఆ వెదకు దినములలో "ఆయన ఎక్కడ?" అని అడిగినవారికి ఏమి చెప్పవలెనని ఎన్ని ఇండ్లవారు తలపోసిరో! ఆ తిరుగుబాటులో తహశీలుదారు ప్రాణమును పోయెను గనుక ఆ ప్రశ్న తేలికైనది కాదు. తరువాతి ఫ్యాక్షను కక్షలలోను వేటకొడవళ్ళు పట్టినవారు తలుపు తట్టి అదే ప్రశ్న అడిగిరి.

అగస్టీను భక్తుడు అబద్ధమును గూర్చి వ్రాసిన గ్రంథములో ఫిర్ముస్ అను బిషప్పును పేర్కొనెను. తాను దాచిన మనుష్యుని చూపుమని చక్రవర్తి సేవకులు అడుగగా, తాను అబద్ధమాడనని, మనుష్యుని అప్పగింపననియు ఆయన చెప్పెను. ఎన్ని హింసలు పెట్టినను నోరు విప్పలేదు. ఆయన స్థిరత్వము చూచి చక్రవర్తియే ఆ మనుష్యుని క్షమించెను. చంపగోరువానికి సత్యమును అడుగు హక్కు లేదు.

రాహాబు మాటేమని కొందరు అడుగుదురు. ఆమె వేగులవారిని దాచుటయే గాక బొంకెను గదా! లేఖనము ఆమె విశ్వాసమును, ఆమె వారిని చేర్చుకొనుటను మెచ్చుచున్నది గాని ఆమె బొంకును మాదిరిగా చూపలేదు. ఒక ప్రాణము కాపాడుటకు అట్లు పలికినవారి మీద మేము రాయి వేయము. దానిని అలవాటుకు అనుమతిగా తీసికొనుటయు ఒప్పుకొనము.

అయితే అదే సంగతిని న్యాయాధిపతి అడిగినప్పుడో? చూచినదానిని తెలుపని సాక్షి తన దోషమును భరించునని లేవీయకాండము బోధించుచున్నది. హంతకుని యెదుట కరుణయైన మౌనము కోర్టులో హంతకునికి సహాయమగును. సాక్షి భయము నిజమైనదే. అందుకే 2018లో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకమును ఆమోదించెను. సాక్షి జిల్లాలోనే దరఖాస్తు చేసికొనవచ్చును. సంఘమును అట్టివాని ప్రక్కన నిలువవలెను.

3. ఎవరి మేలు కొరకు దాచుచున్నాము?

గెరారులో అబ్రాహాము శారాను చెల్లెలనెను. ఆమె ఆయన తండ్రి కుమార్తె గనుక మాట నిజమే. భార్య అను సంగతి దాచెను. తన ప్రాణము కొరకు దాచెను గాని అపాయము శారాకును, అబీమెలెకు ఇంటికిని కలిగెను. నిజమైన మాటతోనే మోసము జరిగినది.

వేయి అబద్ధములాడియైనను ఒక పెండ్లి చేయవలెనని మనవారి సామెత. పోతన భాగవతములో శుక్రాచార్యుడు బలికి ఇట్టి బోధయే చేసెను. బలి దానిని అంగీకరింపలేదు. వరుని త్రాగుడు, అప్పులు, వధువు మూర్ఛరోగము దాచి ముడి వేసినయెడల, జీవితమంతయు దాని వెల చెల్లించువారెవరు? మూడు ఆదివారములు సంఘములో వివాహ ప్రకటన చదువుట, అభ్యంతరము తెలిసినవారు చెప్పవలెననియే. వరుని హెచ్.ఐ.వి. రోగము బయటపడి పెండ్లి ఆగిన వ్యాజ్యెములో, 1998లో సుప్రీంకోర్టు వధువు ఆరోగ్యపు హక్కే గొప్పదని తీర్పు చెప్పెను.

4. ఆలస్యము వేరు, వంచన వేరు

చెప్పవలసినవి అనేకమున్నను, శిష్యులు అప్పుడు వాటిని భరింపలేరని ప్రభువు చెప్పెను (యోహాను 16:12). అయినను ఏమియు లేదని ఆయన అనలేదు. క్యాన్సరు రోగికి సంగతి మెల్లగా, అతడు అడిగినంత మేరకు తెలుపుట ప్రేమయే. కడవరకు "నీకేమియు లేదు" అనుట వేరు. పొలము కాగితములు సరిచేయుటకు, పగబట్టిన తమ్మునితో సమాధానపడుటకు, దేవుని యెదుటికి సిద్ధపడుటకు అతనికి గల దినములను మనము దొంగిలించినవారమగుదుము. వైద్యుడు రోగి స్థితిని పెంచియు తగ్గించియు చెప్పరాదని 2002 నాటి వైద్య మండలి నియమములును చెప్పుచున్నవి.

5. ఎన్నడును దాచరానిది

చిన్నబిడ్డపై అత్యాచారము జరిగినదని తెలిసినప్పుడు "సంఘము పరువు పోవును, కుటుంబము పరువు పోవును" అని పెద్దలు నోరు మూయించుట కలదు. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము సంగతి తెలిసిన ప్రతివాడును పోలీసులకు తెలుపవలెను; తెలుపనివానికి ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చును. చట్టము లేకున్నను ఇది విధియే. ఇక్కడ మౌనము బలవంతుని దాచి బిడ్డను విడిచిపెట్టును.

కావున ప్రియులారా, బలహీనుని బలవంతుని చేతినుండి కాపాడుటకు సత్యమును దాచవచ్చును. దానిని తెలిసికొను హక్కు గలవాని యొద్ద మన లాభము కొరకు, మన పరువు కొరకు దాచరాదు. నీవు మాకేమి చేసితివని అబీమెలెకు అబ్రాహామును నిలదీసెను. మన మౌనము చూచి ఆ మాట మనలను అడుగదగినవారెవరైన ఉన్నారా?

ఆదివారపు తరగతికి ప్రశ్నలు:
1. సమూయేలు మౌనమునకును అబ్రాహాము మౌనమునకును భేదమేమి?
2. మన సంఘములో ఎవరి మేలు కొరకు, ఏ సంగతులు దాచబడుచున్నవి?