పానాల పెట్టె వయసెంత? బిళ్ళను అడుగుదాం

శంషాబాద్ దగ్గర బెంగళూరు రోడ్డు పక్కన లారీ మెకానిక్ షెడ్లు, పాత ఇనుము కొట్లు మనందరం చూసేవే. అరిగిపోయిన టూల్‌బాక్స్ అక్కడికి చేరిందంటే కాంటా మీద కిలోల లెక్కన పోతుంది. దాని మీది రేకు బిళ్ళ, లోపలి స్టిక్కర్ ఎవరూ చదవరు. చదివితే మాత్రం ఆ పెట్టె ఏ కాలం నాటిదో చాలావరకు తేల్చొచ్చు.

ఇదంతా మనకెందుకంటే, హైదరాబాద్ ఐటీతో మొదలైన ఊరు కాదు. ఆల్విన్ మెటల్ వర్క్స్ 1942లో, కవాడిగూడలోని ప్రాగా టూల్స్ 1943లో పుట్టాయి. చిన్నాచితకా వర్క్‌షాపుల సంగతి పుస్తకాల్లో దొరకదు. చాలాసార్లు వాటి గుర్తుగా మిగిలేది ఆ బిళ్ళ ఒక్కటే.

అసలు సూత్రం

మ్యాథ్స్‌లో అసమీకరణాలు చేసినట్టే. ప్రతి ఆధారం "ఈ తేదీ తర్వాతే" అనో, "బహుశా ఈ తేదీకి ముందే" అనో చెబుతుంది. మొదటిది గట్టిది, రెండోది బలహీనమైనది. ఎందుకంటే, పాత బిళ్ళలు స్టాకులో మిగిలితే కంపెనీలు ఏళ్ళ తరబడి వాటినే బిగించేస్తాయి.

ఏం చూడాలి?

రాష్ట్రం: "ఎ.పి." అని ఉంటే 1956 నవంబర్ 1 తర్వాతదే. "తెలంగాణ రాష్ట్రం" అని ఉంటే 2014 జూన్ 2 తర్వాతది. "హైదరాబాద్ దక్కన్" చూసి నిజాం కాలం అనేయకండి, ఆ మాట తర్వాత కూడా వాడారు.

పిన్ కోడ్: ఆరంకెల పిన్ 1972 ఆగస్టు 15న వచ్చింది. అంతకుముందు "సికింద్రాబాద్–3" లాంటి జోన్ నంబర్లుండేవి.

జిల్లా: రంగారెడ్డి జిల్లా 1978లో ఏర్పడింది. ఆ పేరుంటే అంతకంటే పాతది కాదు.

రోడ్డు: మన హైవే ఒకప్పుడు ఎన్.హెచ్.7. 2010లో నంబర్లు మార్చాక ఎన్.హెచ్.44 అయింది.

ఎయిర్‌పోర్ట్: "ఎయిర్‌పోర్ట్ దగ్గర" అని అడ్రస్ ఉంటే తొందరపడొద్దు. 2008 మార్చి దాకా సిటీ ఎయిర్‌పోర్ట్ అంటే బేగంపేటే!

దేశం: "పశ్చిమ జర్మనీ" అని ఉంటే 1949–1990 మధ్యది.

ఐ.ఎస్.ఐ. ముద్ర: ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఐ.ఎస్. నంబరు పక్కనున్న సంవత్సరం ఆ ప్రమాణానిది, వస్తువుది కాదు. 1987లో సంస్థ బి.ఐ.ఎస్.గా మారినా ముద్ర ఐ.ఎస్.ఐ.గానే కొనసాగింది. కాబట్టి ముద్రను చూసి "1987కి ముందుది" అనడం కుదరదు.

ఒక లెక్క చేద్దాం

పెట్టె ముందు బిళ్ళ మీద "సికింద్రాబాద్–3, ఎ.పి." అని ఉందనుకోండి. పిన్ లేదు. మూత లోపల డీలర్ స్టిక్కర్ మీద "శంషాబాద్, రంగారెడ్డి జిల్లా" అని ఉంది. జవాబేంటి?

బిళ్ళ ప్రకారం తయారీ 1956 తర్వాత, బహుశా 1972కి ముందు. స్టిక్కర్ ప్రకారం 1978 తర్వాత అది శంషాబాద్ కొట్టుకొచ్చింది. రెండూ కొట్టుకోవు. ఒకటి పుట్టిన తేదీ, ఇంకోటి చేతులు మారిన తేదీ. స్టాకులో మిగిలిన పెట్టె కావచ్చు, సెకండ్ హ్యాండ్‌లో అమ్మినదీ కావచ్చు. తయారీదారు బిళ్ళ, డీలర్ స్టిక్కర్, యజమాని పెయింట్‌తో రాసుకున్న పేరు: ఈ మూడింటినీ ఎప్పుడూ విడివిడిగా చదవాలి.

బిళ్ళ ఆ పెట్టెదేనా అన్నది కూడా చూసుకోవాలి. రివెట్లు ఒకే రకంగా ఉన్నాయా? పక్కన ఖాళీ రంధ్రాలేమైనా ఉన్నాయా? బిళ్ళ అంచు చుట్టూ వేరే సైజు బిళ్ళ తాలూకు మచ్చ కనిపిస్తోందా? ఉంటే అనుమానించాల్సిందే.

చివరగా

ఇంట్లో తాతగారి పెట్టె ఉంటే ఎమెరీ పేపర్ పట్టకండి, కొత్త రంగు వేయకండి. మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి, పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టి ఫోటో తీయండి. చెరిగిన అక్షరాలు కూడా లేచి కనిపిస్తాయి. అది ఎవరిది, ఎక్కడ కొన్నారో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాసుకోండి. పెట్టెను అమ్మేసినా ఆ ఫోటో, ఆ నాలుగు ముక్కలు మిగులుతాయి. బిళ్ళ కాంటా ఎక్కితే మాత్రం, ఆ వర్క్‌షాపు ఉండేదని చెప్పే చివరి సాక్షి కూడా కరిగిపోయినట్టే.