బడిపిల్లలకు ఆరోగ్య పాఠం

"ఆరోగ్యమే మహాభాగ్యము" అన్న మాట గోడ మీద రాసి లేని బడి మన రాష్ట్రంలో కనబడటం కష్టం. ఆరో తరగతి చదవటానికి ఊరి నుంచి పట్నం హాస్టలుకు వచ్చినప్పుడు నేను చేరిన బడిలోనూ ఉండేది. ఆ అక్షరాల కిందనే ఒక సారు మాకు ఆరోగ్య పాఠం చెప్పారు. వారి పేరుతో ఇక్కడ పని లేదు. గోళ్ళు చూశారు, తలలు చూశారు, ఆఖరున పళ్ళు చూపమన్నారు. నా పళ్ళ మీద గోధుమరంగు చారలు ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. "తోముకోకపోతే ఇట్లయితయి, చూడండ్రా" అని నన్ను క్లాసు ముందు నిలబెట్టారు.

మాది నల్లగొండ జిల్లా. వ్యవసాయ కుటుంబం. చిన్నతనమంతా చేలోని బోరునీళ్ళే తాగాము. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని శాస్త్రం చెపుతుంది. మా వైపు భూమిలోని రాతి నుంచి అది నీటిలోకి దిగి ఆ హద్దును దాటిపోతుంది. చిగురు లోపల పన్ను తయారవుతున్న కాలంలో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు, అటువంటి నీళ్ళు తాగితే పంటి పై పొర సరిగా గట్టిపడదు. పన్ను మచ్చతోనే పైకి వస్తుంది. తర్వాత ఎంత తోమినా ఆ మచ్చ పోదు. సారుది పట్నం, ఆయనకు ఇది తెలియకపోవచ్చు. కానీ ఆనాటి ఆరోగ్య పాఠంలో నేను నేర్చుకున్నది ఒక్కటే, నోరు మూసుకొని నవ్వటం.

గత సంవత్సరం ఎన్.ఎస్.ఎస్. తరఫున ఖైరతాబాద్‌లోని ఒక బడిలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు శనివారాలు ఆరోగ్యం గురించి చెప్పే అవకాశం మా మిత్రబృందానికి కలిగింది. ఈ అనుభవాన్ని సంచికలో రాయమని మా లెక్చరర్ గారు అన్నారు. మా తర్వాత వెళ్ళే జూనియర్ మిత్రులకు పనికివస్తుందని రాస్తున్నాను.

పుస్తకాలలో ఆరోగ్యాన్ని భాగాలుగా చెపుతారు: శారీరకం, మానసికం, సాంఘికం. దీనికి మూలం ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి. 1946 జూలైలో న్యూయార్కులో సంతకాలు జరిగి, 1948 ఏప్రిల్ 7న అమలులోకి వచ్చింది. రోగం లేకపోవటం ఒక్కటే ఆరోగ్యం కాదనీ, దేహానికీ మనసుకూ సంఘ జీవితానికీ పూర్తి క్షేమం ఉండటమే ఆరోగ్యమనీ దాని సారాంశం. ఆ "పూర్తి" అన్న మాట మీద పెద్దలు చాలా వాదించారు. ఆ కొలతతో కొలిస్తే మా నాన్న ఏనాడూ ఆరోగ్యవంతుడు కాడు. ఆయన లెక్క వేరు: పొద్దున లేచి మడిలోకి దిగి వంగగలిగితే మనిషి బాగున్నట్టే. ఈ రెండు నిర్వచనాలూ బోర్డు మీద రాసి ఏది సరి అని అడిగితే పిల్లలు అరగంట కొట్లాడారు. పాఠం మొదలుపెట్టటానికి అంతకంటే మంచి దారి నాకు ఇంతవరకు కనబడలేదు.

మొదటి వారం మేము చేసిన పొరపాటు కూడా చెప్పాలి. మూడు భాగాలకు మూడు డబ్బాలు గీసి, చేతులు కడగటం ఇందులో, స్నేహం అందులో అని నింపించాము. పిల్లలు చక్కగా నింపారు. "అన్నా, నల్లా రెండు రోజులకొకసారి వస్తది, అది ఏ డబ్బాలోది?" అని ఏడో తరగతి పిల్లవాడు అడిగాడు. మాలో ఎవరికీ జవాబు తోచలేదు. మరుసటి వారం డబ్బాలు మానేసి దోమను పట్టుకున్నాము.

దోమ ఎందుకంటే, ఆ బడికి నాలుగైదు కిలోమీటర్లలోనే బేగంపేట ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో పనిచేస్తున్న సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్, మలేరియా రోగిని కుట్టిన దోమ కడుపు గోడలో ఆ రోగపు పరాన్నజీవిని సూక్ష్మదర్శినిలో చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మెట్రోలో అమీర్‌పేట మీదుగా బేగంపేట దాటే పిల్లలకు ఈ సంగతి తెలియదు. చెప్పగానే ముఖాలు వెలిగిపోయాయి. నోబెల్ అంటే ఎక్కడో సీమలో ఇచ్చేదనుకున్నారు, మన పక్క పేటలో చేసిన పనికి ఇచ్చారని తెలిసేసరికి దోమ మీద గౌరవం కూడా పెరిగింది.

మూడు గాజు సీసాలు తెచ్చి, మూతికి పలుచని గుడ్డ గట్టిగా కట్టాము. ఒకదానిలో పాత కూలరు అడుగునీళ్ళు, ఒకదానిలో మిద్దె మీది మూతలేని ట్యాంకునీళ్ళు, మూడోదానిలో మోరీనీళ్ళు. మూడింటిలోనూ పురుగులు కదులుతున్నాయి. అవి దోమపిల్లలని, డింభకాలంటారని చెప్పాము. కొన్ని తల కిందుగా, ఏటవాలుగా నీటిమట్టానికి వేలాడుతున్నాయి. కూలరులోవి ఏడిస్, అంటే డెంగీ దోమవి. మోరీలోవి క్యూలెక్స్, అంటే రాత్రంతా చెవి దగ్గర పాడే దోమవి. ట్యాంకునీళ్ళలో ఉన్నవి కొన్ని నీటిమట్టానికి సమానంగా, పడుకున్నట్టు ఉన్నాయి. అవి అనాఫిలిస్, మలేరియా జాతి. ఏడిస్ గుడ్డు దోమగా మారటానికి మన వేడిలో సుమారు వారం, పది రోజులు చాలు. అందుకే వారానికొకసారి నీళ్ళు పారబోసి పాత్రలు ఎండబెట్టమంటారు. ఇది బట్టీ వేయించితే మరునాటికి మరిచిపోతారు. సీసాలో చూసినవాడు ఇంటికి వెళ్ళి డ్రమ్ము మూత తీసి చూస్తాడు.

ఇక అసలు ప్రశ్న. ఏ సీసా ఎవరి పని? కూలరు మాది, మేమే పారబోస్తామన్నారు. ట్యాంకు ఇంటి ఓనరుది, కిరాయికున్నవాళ్ళు గట్టిగా అడగలేరు. మోరీ ఎవరిది? క్లాసులో నిశ్శబ్దం. అప్పుడు ఒక పిల్ల "గవర్నమెంటుది" అంది. ఆరోగ్యంలో మన చేతిలో ఉన్న భాగం, పదిమందీ కలిసి అడిగితేనే అయ్యే భాగం వేరువేరుగా ఉంటాయని ఆ మూడు సీసాలే చెప్పాయి. సాంఘిక ఆరోగ్యం అన్న మాటకు ఇంతకంటే మంచి అర్థం నేను చెప్పలేను. పక్కవాడితో స్నేహంగా ఉండటం అని మాత్రమే పుస్తకాలు చెపితే అది చాలా చిన్న అర్థం. నా పళ్ళ సంగతి కూడా ఆ రోజే పిల్లలకు చెప్పాను, నోరు తెరిచి చూపించాను. మా ఊరికి శుద్ధిచేసిన నది నీళ్ళు వచ్చాక పుట్టి, వాటితోనే పెరుగుతున్న పిల్లల పళ్ళు తెల్లగా ఉన్నాయి. వాళ్ళు మాకంటే బాగా తోముకుంటున్నారనుకోవటానికి వీలులేదు.

శారీరక భాగంలో రక్తహీనత గురించి తప్పక చెప్పాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. బడిలో వారానికొకటి ఇచ్చే నీలిరంగు ఇనుము మాత్రను చాలామంది కిటికీలోంచి విసిరేస్తారు. వికారం వస్తుందని, మలం నల్లగా వస్తే భయమని. నలుపు ఇనుముదే, భయం లేదు, అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది అని ముందే చెప్పి ఉంటే సగం మాత్రలు నేల పాలయ్యేవి కావు. మాత్రతోనో అన్నంతోనో చాయ్ తాగితే ఇనుము వంటికి పట్టదు. భోజనానికి గంట ముందూ గంట తర్వాతా చాయ్, కాఫీ మానమని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనలలో ఉంది. తోటకూరలో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది. మా చేలో తోటకూర దానంతటదే మొలుస్తుంది, ఇక్కడ కట్టకు ఇంత అని కొనాలి. ఆ తేడా పిల్లలే చెప్పారు.

మానసికానికి వచ్చేసరికి మాకు గొంతు తడారింది. ఈ వైపు పిల్లలకు ఒక తిట్టు ఉంది: "నిన్ను ఎర్రగడ్డలో వెయ్యాలె." అమీర్‌పేట దాటితే వచ్చే ఆ మానసిక చికిత్సాలయం పేరు హాస్యానికి వాడుకోవటం మన సినిమాలకూ అలవాటే. క్లాసులో ఒకడు ఆ మాట అన్నాడు, అందరూ నవ్వారు, ఒక్కరు నవ్వలేదు. ఎందుకో నేను అడగలేదు, అడగకూడదు కూడా. "జ్వరం వచ్చినవాణ్ణి ఆసుపత్రి పేరుతో తిడతారా?" అని మాత్రం అడిగాను. దిగులు, భయం, నిద్ర పట్టకపోవటం ఎక్కువ రోజులు ఉంటే అవి కూడా వైద్యం ఉన్నవేనని, 2017 చట్టం మానసిక చికిత్సను హక్కుగా ఒప్పుకున్నదని, 14416కు ఫోన్ చేస్తే డబ్బు తీసుకోకుండా తెలుగులో మాట్లాడతారని బోర్డు మీద రాశాము. ఆ నంబరు చాలామంది నోటుపుస్తకం చివరి పేజీలో ఎక్కించుకున్నారు. నవ్వినవాడు కూడా.

2020లో కేంద్ర ప్రభుత్వం బడి ఆరోగ్య కార్యక్రమం ఒకటి మొదలుపెట్టింది. బడికి ఇద్దరు ఉపాధ్యాయులకు తర్ఫీదు ఇవ్వాలని, పదకొండు అంశాలు చెప్పాలని అందులో ఉంది, మానసిక ఆరోగ్యం వాటిలో ఒకటి. మంచిదే. కానీ పదకొండూ పదకొండు డబ్బాలు కాకుండా చూసుకోవాలి. మా మూడు డబ్బాలే మమ్మల్ని ముంచాయి.

ఏడో తరగతివాళ్ళు మోరీ గురించి సంబంధిత అధికారికి తామే ఉత్తరం రాశారు. పదాలలో తప్పులున్నాయి, మేము దిద్దలేదు. పక్షం రోజులకు మనిషి వచ్చి చెత్త తీశాడు. నెలకు మళ్ళీ నిండింది. వాళ్ళు మళ్ళీ రాశారు.

ఈ సీసాల పాఠం చెప్పదలచిన మిత్రులకు ఒక జాగ్రత్త. పురుగులున్న నీళ్ళను బడిలో రెండు రోజులకు మించి ఉంచరాదు. మూతిగుడ్డ ఎట్టి పరిస్థితిలోనూ విప్పవద్దు. పాఠం అయ్యాక ఆ నీళ్ళు మోరీలో పొయ్యకుండా, ఎండ తగిలే పొడిమట్టిలో పారబోయాలి.