కడుపుకోత

(పాఠ్యభాగము: లూకా సువార్త 7:11-17)



మన పల్లెలలో దుఃఖమునకు మాటలు కొదువలేదు. ఏడ్పు, శోకము, వ్యథ, అంగలార్పు అని పలువిధములుగా చెప్పుదుము. అయితే బిడ్డను మట్టికి అప్పగించి వచ్చిన తల్లిని గూర్చి చెప్పునప్పుడు వీటిలో ఏదియు చాలదు. అప్పుడు మనవారు "కడుపుకోత" అందురు. ఈ నెల ఆ మాటను ధ్యానింతము.

కొన్ని యేండ్ల క్రిందట, మిరప కోతల కాలములో, మా సంఘములో ఒక పసివాడు జ్వరముతో చనిపోయెను. సమాధి చేసి వచ్చిన పిమ్మట మేము ఆ తల్లితో, "అమ్మా, మనము విశ్వాసులము, ఇంతగా ఏడ్వకూడదు" అంటిమి. ప్రక్కనున్న ముసలమ్మ మా వైపు చూచి, "అయ్యగారూ, అది కడుపుకోతయ్యా. ఏడవనియ్యండి" అనెను. ఆమెకు చదువు రాదు. వేదపాఠశాలలో హెబ్రీ, గ్రీకు అక్షరములు దిద్దిన మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కడుపు అనగా అన్నము పట్టు ఉదరము. బిడ్డను మోయు గర్భమును అదే. తల్లి ప్రేమను మనము "కడుపుతీపి" అందుము. తీపి యున్న చోటనే కోత. పొలములోని కోత పండినదానిని ఇంటికి తెచ్చును. ఈ కోత పండక మునుపే ఇంటినుండి కొనిపోవును.

హెబ్రీ భాషలోను ఇట్టి పోలిక యున్నది. గర్భమును "రెహెం" అందురు. కనికరమును "రహమీం" అందురు. రెండును ఒకే ధాతువునకు చెందినవి. సొలొమోను కత్తి తెమ్మన్నప్పుడు, బ్రదికియున్న బిడ్డ కన్నతల్లిలో రగిలినది ఈ రహమీమే (1 రాజులు 3:26). దేవుని కనికరమునకును పాత నిబంధన ఈ మాటనే వాడుచున్నది.

ఇక నాయీను ఊరి గవినియొద్దకు రండి. విధవరాలి ఒక్కగానొక్క కుమారుని మోసికొని పోవుచున్నారు. ప్రభువు ఆమెను చూచి కనికరపడెను. అక్కడి గ్రీకు క్రియ "కడుపులోని ప్రేవులు" అను మాటనుండి పుట్టినది. అనగా ఆమె కడుపుకోత ఆయన కడుపును తాకెను. ఆ తరువాతనే ఆయన ఏడ్వవద్దనెను. అట్లనిన ఆయన పాడెను ముట్టి, కుమారుని లేపి తల్లికి అప్పగించెను. మేమును ఏడ్వవద్దంటిమి, మా చేతులలో ఇచ్చుటకు ఏమున్నది?

మా తాడేపల్లి ప్రక్కగా పారు కృష్ణ దివిసీమయొద్ద సముద్రములో కలియును. 1977 నవంబరు 19న అక్కడ ఉప్పెన వచ్చి వేలమందిని కొనిపోయినది. ఆనాడు బిడ్డలను పోగొట్టుకొనిన తల్లులతో ఏడ్వవద్దనుట ఎవరికి తగును?

పౌలు దుఃఖమునే మానుమనలేదు; నిరీక్షణ లేనివారివలె దుఃఖపడవద్దనెను (1 థెస్స. 4:13). ఏడ్చువారితో ఏడ్వుడనియు ఆయనే వ్రాసెను (రోమా 12:15). లాజరు సమాధియొద్ద ప్రభువు తానే కన్నీరు విడిచెను.

కాబట్టి సహోదరులారా, అట్టి యింటికి వెళ్లినప్పుడు బోధ చేయుటకు త్వరపడకుడి. చాపమీద కూర్చుండుడి. కాసిన్ని గంజి త్రాగించుడి. ఆదరణ కూడిక అయిన తరువాత చుట్టములందరు వెళ్లిపోవుదురు, ఇల్లు మూగపోవును. అప్పుడు మరల వెళ్లుడి.

మేమును ఆ తల్లియొద్దకు మరల వెళ్లి, "తప్పు మాట అంటిమి, క్షమించుమమ్మా" అంటిమి. ఆమె ఏడ్చెను. ఈసారి మేమును ఏడ్చితిమి. ఆ తరువాత ముగ్గురము, ఆ ముసలమ్మతో కూడ, ప్రార్థన చేసితిమి.

కనికరముగల ప్రభువు కడుపుకోత గల ప్రతి తల్లిని ఆదరించును గాక. ఆమేన్.